మెడికల్ షాపులో దొరుకుతుంది కదా అని...

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం బర్మింగ్‌హామ్‌లో ఉంటాం. మా అమ్మాయికి 14. ఏడాదిగా "నేను అబ్బాయిని" అంటోంది. జుట్టు కత్తిరించేసుకుంది. నెలసరి రోజుల్లో గది తలుపు తీయదు. యౌవన మార్పుల్ని ఆపే ఇంజెక్షన్లు ఇక్కడ ఇవ్వడం లేదు. విజయవాడలో మెడికల్ షాపు నడిపే మా తమ్ముడు "సెలవులకు తీసుకురా అక్కా, ఇక్కడ వేయిద్దాం" అంటున్నాడు. మా అత్తగారేమో ఎవరో కౌన్సెలర్ పది సిట్టింగుల్లో మామూలు మనిషిని చేస్తాడట, అక్కడికి తీసుకెళ్దాం అంటున్నారు. ఎవరి మాట వినాలి? – ఒక తల్లి

జవాబు: ఇద్దరి మాటా వద్దమ్మా. అత్తగారు చెప్పిన మనిషి సంగతి ముందు తేల్చేద్దాం. ఇలా 'మార్చేస్తాం' అనే చికిత్సను మన నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే డాక్టర్ల విషయంలో వృత్తి దుష్ప్రవర్తనగా ప్రకటించింది. డాక్టర్ కానివాడు చేస్తే మాత్రం మంచిదైపోతుందా?

తమ్ముడి మాటతోనే చిక్కు. అతను ప్రేమతో అంటున్నాడు, మందూ నిజంగానే ఉంది. ఆరేడేళ్లకే ఈడేరే పిల్లలకు దాన్ని దశాబ్దాలుగా వాడుతున్నాం. ఆ వాడకానికి బ్రిటన్‌లోనూ అడ్డు లేదు. ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుందని, 1990లలో నెదర్లాండ్స్ వైద్యులు మీ బిడ్డలాంటి పిల్లలకూ ఇవ్వడం మొదలుపెట్టారు. గొడవంతా ఆ వ్యవధి దగ్గరే. లండన్‌లో ఇలాంటి పిల్లలను చూసిన టావిస్టాక్ క్లినిక్ అధ్యయనంలో మందు తీసుకున్న 44 మందిలో 43 మంది తర్వాత లింగ మార్పు హార్మోన్లకు వెళ్లారు. సరైన పిల్లలనే ఎంచారనడానికి అదే రుజువని కొందరంటారు. ఒకసారి మొదలుపెడితే వెనక్కి తిరగడం కష్టమవుతోందని మరికొందరు. మందు తీసుకోని పిల్లలతో పోల్చి చూడలేదు కాబట్టి ఆ లెక్క ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పదు.

2024 ఏప్రిల్‌లో పిల్లల వైద్యురాలు హిలరీ కాస్ నివేదిక కూడా ఆధారాలు బలహీనమనే అంది. ఆ డిసెంబరులో బ్రిటన్ ప్రభుత్వం 18 ఏళ్ల లోపు వాళ్లకు ఈ అవసరం కోసం ఆ మందు కొత్తగా మొదలుపెట్టడాన్ని నిరవధికంగా ఆపింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం మాత్రం ఈ చికిత్సకు మద్దతిచ్చే తన 2018 విధానాన్ని 2023లోనూ కొనసాగించింది. 2025లో అక్కడి సుప్రీంకోర్టేమో పిల్లలకు ఈ చికిత్సపై టెనెసీ రాష్ట్రం పెట్టిన నిషేధాన్ని 6-3తో సమర్థించింది. ఇన్ని చోట్ల తెగని తగువు షాపు కౌంటర్ మీద తెగుతుందా?

ఆధారాలు చాలవంటే మందు పనికిరాదని రుజువైనట్టు కాదు. పూర్తిగా ఆపేయడం కంటే పరిశోధనలో భాగంగా, జాగ్రత్తగా ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. అయితే దాని ప్రయోజనం ప్రధానంగా యౌవనం తొలి దశలోనే. నెలసరి వచ్చేసిందంటే చాలా మార్పులు జరిగిపోయినట్టే, వాటిని అది చెరపలేదు. పైగా ఎముకల బలం పరీక్షిస్తూ ఉండాలి. ఇక్కడ వేయించి తిరిగి వెళ్లాక అదంతా చూసేదెవరు?

మీరు చేయగలిగింది చాలానే ఉంది. జీపీని, అంటే అక్కడి మీ ఫ్యామిలీ డాక్టర్‌ని కలిసి, పిల్లల మానసిక వైద్య బృందానికి పంపమనండి. దిగులు ఉందా, చచ్చిపోవాలనిపిస్తోందా అని మీరే సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఇలాంటి పిల్లల్లో ఆటిజం కాస్త ఎక్కువగా కనిపిస్తుంది, అదీ చూపించండి. నెలసరి రోజుల నరకం గురించి జీపీతో విడిగా మాట్లాడండి. దానికి వేరే దారులున్నాయి, ఆ ఇంజెక్షనే అక్కర్లేదు.

ఏ పేరుతో పిలవమంటోంది? ఉత్తరంలో ఆ ఊసే లేదు. కనుక్కోండి. ఇంట్లో అలా పిలిచినంత మాత్రాన మందుకు సంతకం పెట్టినట్టు కాదు.

సెలవులకు మాత్రం రండి. అత్తగారింట్లో జుట్టు మాట ఎవరూ ఎత్తకూడదని ముందే మీ ఆయన చేత ఫోన్ చేయించండి.