రంగురాయి కొనేముందు

ఉరవకొండ

మనవరాలికి,

జైపూర్‌లో రత్నాల పని నేర్చుకోవడానికి సీటొచ్చిందని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. సానబెట్టడం, రంగు పోల్చడం, తూకం చూడటం అక్కడివాళ్లు నాకన్నా బాగా నేర్పుతారు. కానీ రాయి మొదట ఎవరి చేతికి దొరికింది, ఆ చేతికి ఏం ముట్టింది అన్నది పాఠంలో ఉంటుందో లేదో. అందుకే ఈ ఉత్తరం.

మన వజ్రకరూరు సంగతే తీసుకో. దాదాపు 110 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపలి నుంచి తన్నుకొచ్చిన కింబర్లైట్ రాయి అక్కడుంది. అది అరిగి, అందులోని వజ్రాలు మట్టిలో కలిసి, తొలకరి వానకు పైకి తేలతాయి. వజ్రకరూరులోనూ, కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లోనూ జూన్ వచ్చిందంటే జనమే జనం. పిల్లాజెల్లాతో వచ్చి, చెట్టు కింద వండుకు తిని, ఎండ ఏటవాలుగా పడే పూట నడుము వంచి అడుగడుగూ వెతుక్కుంటూ పోతారు. తళుక్కుమన్నది చాలాసార్లు గాజుపెంకో, పలుగురాయో అవుతుంది. చేను తొక్కేస్తున్నారని రైతులు గొడవపడతారు. వాళ్లదీ న్యాయమే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప అనుకునే నేలలో ఒక్క పదును తప్పితే శనక్కాయ పంట పోయినట్టే.

ఇక నిజంగా రాయి దొరికినవాడి గతి చూడు. నలుగురికీ తెలిస్తే చేజారిపోతుందేమోనని భయపడి గుట్టుగా వ్యాపారికి అమ్మేస్తాడు. ఐదు క్యారెట్లు ఒక గ్రాము అని తెలియనివాడు తూకం గురించి ఏమడుగుతాడు? లోపాల లెక్క తెలియనివాడు ధర గురించి ఏమడుగుతాడు? అప్పు తీరితే చాలనుకుని వెళ్లిపోతాడు. అది బేరం కాదు, అన్యాయం.

కట్టుబాటే లేదా అంటే, ఒకటుంది. ముడి వజ్రం దేశం దాటాలంటే ధ్రువపత్రం ఉండాలని 2003 జనవరి 1 నుంచి ‘కింబర్లీ ప్రక్రియ’ అమల్లోకి వచ్చింది. తిరుగుబాటు సేనలు వజ్రాలమ్మి యుద్ధాలు నడపకుండా ఆపడానికి పుట్టిన కట్టుబాటు అది. తవ్వినవాడికి కూలి గిట్టిందా అని అది అడగదు. పైగా కెంపు, పచ్చ, నీలం, వైడూర్యం దాని పరిధిలోనే లేవు.

రంగురాళ్ల కథ మన రాష్ట్రంలోనే ఉంది. గొలుగొండ మండలం కరక కొండల్లో అలెగ్జాండ్రైట్, వైడూర్యం కోసం దొంగచాటుగా సొరంగాలు తవ్వుతారు. మట్టిపెళ్లలు విరిగిపడి కూలీలు చనిపోయారు. ఆ రాయి ఉంగరంలో కూర్చున్నాక ఆ చావు సంగతి ఏ కాగితంలోనూ కనబడదు. 2023 ఏప్రిల్ నుంచి బంగారు నగ మీద తప్పనిసరి అయిన హెచ్‌యూఐడీ అనే, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల హాల్‌మార్క్ నంబరు బంగారం మేలిమిని చూపిస్తుందే గానీ, అందులో పొదిగిన కెంపు గురించి ఒక్క ముక్క చెప్పదు. ల్యాబ్ రిపోర్టు చూస్తే ఆ కెంపును కాల్చారా, పగుళ్లలో గాజు నింపారా అన్నది తెలుస్తుంది. తవ్వినవాడికి ఏం ముట్టిందో అందులో ఉండదు.

కాబట్టి నువ్వే ఒక నోటుబుక్కు పెట్టుకో. ప్రతి రాయికీ ఒక పేజీ. గని ఎక్కడిది, ముడిరాయి ఎవరు కొన్నారు, ఎవరు సానబెట్టారు, అమ్మినవాడు బిల్లిచ్చాడా అన్నవన్నీ రాసుకో. ‘ఆఫ్రికా సరుకు’ అని సరిపెడితే ఊరుకోకు. జాంబియాలో కగెం గని పచ్చలను వేలంలో అమ్ముతారు, ఆ సరుకైతే ఏ వేలంలో కొన్నారో అడిగి తెలుసుకోవచ్చు. జవాబు దొరకని చోట ‘తెలియదు’ అనే రాసుకో, కొనేవాళ్లకూ ఆ మాటే చెప్పు. ఎప్పుడైనా మన వైపు వచ్చి పల్లెలో ఎవరి దగ్గరైనా రాయి కొంటే, వాళ్ల కళ్లెదుటే తూచి, క్యారెట్లెన్నో కాగితం మీద రాసిచ్చి, ఆ తర్వాతే ధర మాట్లాడు.

ఇంకొకటి. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అగేటు రాళ్లు కోసి సానబెట్టేవాళ్లు ఆ దుమ్ము పీల్చి సిలికోసిస్‌తో ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. ఆ జబ్బుకు మందు లేదు. నువ్వు చేరే కార్ఖానాలో సానచక్రం మీద నీళ్లు పడుతున్నాయా, దుమ్ము లాగే ఫ్యాను ఉందా చూడు. లేకపోతే మొదటి రోజే అడుగు, నీ ఒక్కదాని కోసమే కాదు, పక్కన కూర్చున్న పనివాళ్ల కోసం కూడా. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదమ్మా.

మీ తాత