ఇంటిలోని చీమలు – వానిని తొలగించు విధము

వర్షకాలము ప్రారంభమైన తోడనే మన గ్రామములలోని గృహిణు లందఱును ఒకే మొఱ పెట్టుచుందురు. బెల్లపుకుండ మూత తీసిన చీమలు. నేతిగిన్నె ముట్టిన చీమలు. బిడ్డ నిద్రించు ఉయ్యెలలో సైతము చీమలు. ప్రతిమాసమును పైరునకు పట్టు పురుగును గూర్చి వ్రాయుచున్న మేము, ఈ మాసమున ఇంటికి పట్టు పురుగును గూర్చి వ్రాయుట అనుచితము కాదని తలంచుచున్నాము. ఏలన, చీమను చంపుటకై పొలములోని మందును వంటయింటికి తెచ్చుట రైతు కుటుంబములలో కనబడుచునే యున్నది.

మొదట మా పొరపాటునే చెప్పుకొనవలయును. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక రైతు మమ్ము ఉపాయ మడుగగా, బారు పొడవునను పొడిమందు చల్లుడని చెప్పితిమి. మూడు దినములు చీమ కానరాలేదు. వారము తిరిగి మేమా యింటికి పోగా, ఆ రైతు తల్లి, "అయ్యా, ఒక బారునకు మందు చెప్పితిరి, ఇప్పుడు రెండు బారులైనవి" అనెను. అంతకంటె మమ్ము సిగ్గుపఱచినది వేఱొకటి గలదు. మందు చల్లిన గచ్చుమీదనే ఆమె మనుమడు దోగాడుచుండెను. వెంటనే వాని చేతులు కడిగించి, గచ్చును తడిగుడ్డతో తుడిపించితిమి. బిడ్డకు కీడు కలుగలేదు. కాని ఆ సలహాను మరల ఎవరికిని ఇయ్యలేదు.

మందు ఏల పనిచేయలేదు?

మనకు కనబడు చీమలు ఆ గూటిలోని వానిలో కొన్ని మాత్రమే. ఇవి ఱెక్కలు లేని ఆడుచీమలు, కూలిపని వీనిది. గ్రుడ్లు పెట్టు రాణి గోడపగులులోనో, గచ్చు క్రిందనో దాగియుండును. బారులోని చీమలను ఎన్నిటిని చంపినను, రాణి బ్రతికియున్నంతవఱకు క్రొత్తవి పుట్టుచునే యుండును. కొన్ని జాతుల గూళ్లలో రాణులు పెక్కులుండును. అట్టివానిపై ఘాటైన మందు పడినచో అవి చెదరి, పిల్లలను మోసికొనిపోయి, వేఱు చోట్ల గూళ్లు పెట్టును. ఒక బారు రెండగుటకు కారణ మిట్టిదే.

తిండి దొరకిన చీమ గూటికి మరలుచు, దారి పొడవునను ఒక వాసనను నేలకు రాయుచు పోవును. తక్కినవి ఆ వాసన పట్టుకొని వచ్చును. తెచ్చిన తిండిని నోటినుండి నోటికి పంచుకొనును. ఈ పంపకమే మనకు సాధనము.

ఎర చేయు విధము

1. గోరువెచ్చని నీరు 250 మిల్లీలీటర్లు, పంచదార 50 గ్రాములు, పొంగించని వెలిగారము 4 గ్రాములు, అనగా తలగొట్టిన చిన్న చెంచాడు, కలిపి పూర్తిగా కరగింపవలయును.

2. దూదియుండలను అందులో తడిపి, గట్టిమూత గల చిన్నడబ్బాలో ఉంచి, చీమ దూరునంత బెజ్జములు పొడిచి, బారు ప్రక్కన బిడ్డల చేతి కందని చోట పెట్టవలయును.

3. ఎర ఉన్న దినములలో చీమలను చంపరాదు, బారును తుడువరాదు. మొదట చీమలు హెచ్చుగా వచ్చును. అది శుభసూచకమే.

4. రెండు దినముల కొకమారు దూది మార్చుచు, రెండు మూడు వారములు ఓపిక పట్టవలయును.

మందు హెచ్చైన మేలని చెంచాకు బదులు గుప్పెడు వేయరాదు. చీమ దానిని ముట్టకుండుటయో, త్రోవలోనే చచ్చుటయో జరుగును, రాణికి అందదు. ఎరువు మితిమీరిన పైరు పడిపోవుట మన మెఱుగనిదా? కొన్ని చీమలు తీపి నొల్లవు. కావున ముందుగా చిటికెడు పంచదారయు, చిటికెడు వేరుసెనగపొడియు ప్రక్కప్రక్కన పెట్టి చూడవలయును. పొడినే కోరినచో, 50 గ్రాముల పొడికి 1 గ్రాము వెలిగారము కలుపవచ్చును.

హెచ్చరిక

వెలిగారము చూపునకు ఉప్పువలె నుండును. మింగిన బిడ్డలకును, పెంపుడు జంతువులకును హాని. సీసాపై పేరు వ్రాసి, వంటయింటికి దూరముగా తాళము వేసి యుంచవలయును. బిడ్డ మింగినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలయును. ఇక పాత బి.హెచ్.సి. పొడి అటకమీద మిగిలియున్నవారు దానిని ఎందులకును వాడరాదు; అది మన దేశమున 1997లో నిషేధింపబడినది.

మరల రాకుండుటకు

చీమలు తగ్గిన పిమ్మట వాని దారిని సబ్బునీటితో కడిగి, పగుళ్లను సిమెంటుతో పూడ్చవలయును. గోడను తాకు కొమ్మలను నఱకవలయును. పేనుబంక, పిండినల్లి స్రవించు తేనెవంటి బంకకై చీమలు చెట్టెక్కి, కొమ్మదారిని ఇల్లు చేరును. అలమర కాళ్ల క్రింద నీటిగిన్నెలుంచుట మన పెద్దల పద్ధతి, మంచిదే. అయితే ఆ నీటిలో దోమ గ్రుడ్లు పెట్టును గనుక, వారమున కొకమారు పాఱబోసి గిన్నెను తోమవలయును.

ఈ పద్ధతికి ఖర్చు స్వల్పము. ఓపిక మాత్రము హెచ్చు. ఎర పెట్టిన సభ్యులు, ఎన్ని దినములకు బారు తెగినదో గుర్తుంచుకొని, సంఘ సమావేశమున చెప్పినచో పొరుగువారికిని మేలగును. చీమ పోవుట ఒక వారము ఆలస్యమైనను నష్టము లేదు. దోగాడు బిడ్డ క్షేమముగా నుండుట ముఖ్యము.