శిమిలిగూడ స్టేషను

విశాఖపట్టణపు ఫిషింగ్ హార్బరులో వల లారవేయు జాలరులకు, ప్రక్కనున్న రేవులో ఓడల కెక్కు ఎఱ్ఱని యినుపరాయి క్రొత్త కాదు. అది ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండలనుండి రైలుపై వచ్చును. ఆ త్రోవలో శిమిలిగూడ యను చిన్న స్టేషను కలదు.

1960 దశకమున ఈ ఖనిజమును జపానునకు పంపుటకై కొత్తవలసనుండి కిరండూలు వరకు రైలుమార్గము వేసిరి. అనంతగిరి కొండలను తొలిచి సొరంగములు చేసిరి. లోయలపై వంతెనలు కట్టిరి. శిమిలిగూడ సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తున నున్నది. బ్రాడ్‌గేజి స్టేషన్లలో అంతకంటె ఎత్తయినది చాలకాలము మన దేశమున లేదు. 2008లో కాశ్మీరలోయలో రైలు నడచుటతో ఆ ఘనత పోయినది. పోయిన నేమి? కొండ యెత్తు తగ్గలేదు గదా!

ఖనిజపు బండ్లు ఇచటివరకు ఎగబ్రాకి, పిమ్మట సముద్రమువైపు దిగును. ఎక్కుటకంటె దిగుటయే కష్టము. వేల టన్నుల బరువు వాలున జారిపోకుండ బ్రేకులతో నిలుపుకొనుచు రావలెను.

ఈ మార్గము రాతికొరకు వేసినది; గూడెములవారిని తలచి వేసినది కాదు. అయినను పాసింజరు బండి వచ్చిన పిదప గిరిజనులు ఆ పట్టాలమీదనే అరకు సంతకును, విశాఖకును పోవ మొదలిడిరి. ఒంటిలైను గనుక, ఖనిజపు బండికి దారి యిచ్చుటకై మనుష్యుల బండి తరచు ప్రక్క పట్టాపై వేచియుండెడిది.