ఉత్తరం నిజం చెబుతుందా?

నెల్లూరు జిల్లాలో, వెంకటాచలం మండలంలో సర్వేపల్లి అనే ఊరుంది. ఆ పేరు మీకందరికీ పరిచయమే. 1962 నుంచి 1967 వరకు మన రాష్ట్రపతిగా ఉన్న డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు ఆ ఊరి పేరే. ఆయన పూర్వులది ఆ ఊరు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 5ను మనం ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం గదా!

ఆ చుట్టుపక్కల సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో, ఒక ఇంటి అటక మీది ట్రంకుపెట్టెలో పాత ఉత్తరం ఒకటి దొరికిందనుకుందాం. పైన 1964 నాటి తేదీ. టైపు చేసిన నాలుగు పంక్తులు. కింద రాష్ట్రపతి సంతకం. “ఇలాంటివి సేకరించేవాళ్ళున్నారు, మంచి ధర వస్తుంది” అని ఎవరో చెప్పారు. ఇంటివాళ్ళకు రెండు సందేహాలు వచ్చాయి. ఇది అసలుదేనా? అసలుదే అయితే ఏం చెయ్యాలి?

కాగితం ముక్కకు అంత ధర ఏమిటి అంటారా? ఒక నిజమైన సంగతి వినండి. 1864లో అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని కాంకర్డ్ ఊరి పిల్లలు 195 మంది కలిసి దేశాధ్యక్షుడు అబ్రహాం లింకన్‌కు ఒక అర్జీ పంపారు. బానిసలుగా ఉన్న పిల్లలందరినీ విడిపించమని అందులో కోరారు. లింకన్ ఏప్రిల్ 5న జవాబు రాశాడు. వాళ్ళ లేత మనసుల్లోని దయకు సంతోషించాడు. అడిగినదంతా ఇచ్చే శక్తి తనకు లేదని కూడా దాచకుండా చెప్పాడు. ఆ జవాబు 2008లో న్యూయార్కు వేలంలో 34 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది!

కొన్నవారు ధర ఇచ్చింది కాగితానికీ సిరాకూ కాదు. ఆ మాటలు ఈనాడు ఏ పుస్తకంలోనైనా చదువుకోవచ్చు. లింకన్ చెయ్యి నిజంగా ఆ కాగితం మీద కదిలిందన్న నమ్మకానికే ఆ ధర. నమ్మకానికి ధర ఉన్నచోట నకిలీలు పుడతాయి. అందుకే ఇక్కడ విజ్ఞానశాస్త్రంతో పని పడింది.

శాస్త్రజ్ఞులు పాటించే సూత్రం ఒకటి ముందుగా గుర్తుంచుకోండి. ఉత్తరం నకిలీ అని తేల్చటానికి ఒక్క గట్టి సాక్ష్యం చాలు. అసలుది అని చెప్పటానికి మాత్రం సాక్షులందరూ ఒకే మాట చెప్పాలి.

కాగితం చెప్పే సాక్ష్యం

నోట్లు పరీక్షించే నీలిరంగు దీపాన్ని మీరు దుకాణాల్లో చూసే ఉంటారు. అందులోంచి అతినీలలోహిత కిరణాలు వస్తాయి. (ఆ దీపంలోకి నేరుగా చూడకూడదు.) సుమారు 1950 నుంచి కాగితం తెల్లగా కనపడటానికి కొన్ని రసాయనాలు కలుపుతున్నారు. అవి ఈ కిరణాలు తగలగానే నీలంగా మెరుస్తాయి. 1864 నాటిదని చెప్పే ఉత్తరం అలా మెరిస్తే అది నకిలీయే. మరి మన 1964 ఉత్తరం మెరిస్తే? దానివల్ల ఏమీ తేలదు! అప్పటికి అలాంటి కాగితం వాడుకలో ఉంది. ఒకే పరీక్ష ఒకచోట తీర్పు చెబుతుంది, మరొకచోట మౌనం వహిస్తుంది.

కాగితం మీద రాసి ఉన్న విషయమూ సాక్ష్యమే. చిరునామా చివర ఆరంకెల పిన్‌కోడు ఉందనుకోండి. మన దేశంలో పిన్‌కోడు మొదలైంది 1972 ఆగస్టు 15న. ఇక దీపంతో పనేముంది?

అక్షరాలను భూతద్దంతో చూడండి. టైపు మిషను అచ్చు రిబ్బను మీద దెబ్బ కొడుతుంది గనుక కాగితం కొంచెం నొక్కుకుపోతుంది. లేజరు ప్రింటరు అయితే నల్లటి పొడిని వేడితో కాగితం మీద అతికిస్తుంది. నొక్కు ఉండదు.

సిరా చెప్పే సాక్ష్యం

లింకన్ కాలంలో ఎక్కువగా వాడిన సిరాను మీరు బడిలోనే తయారుచెయ్యవచ్చు. మాస్టారి సమక్షంలో రెండు కరక్కాయలు దంచి నీళ్ళలో మరిగించి వడగట్టండి. ఆ కషాయంలో కొద్దిగా అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, కరిగించిన నీళ్ళు పొయ్యండి. కషాయం నీలి నలుపుకు తిరుగుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలవటమే దీనికి కారణం. దీనితో రాసిన రాత గాలిలోని ఆక్సిజన్ తగిలి ఇంకా నల్లబడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమరంగుకు మారుతుంది. ఐరోపాలో కరక్కాయకు బదులు మాచికాయ వాడేవారు. చిక్కదనానికి తుమ్మజిగురు కలిపేవారు.

ఆ జిగురే ఒక మోసగాణ్ణి పట్టిచ్చింది. అమెరికాలో మార్క్ హాఫ్‌మన్ అనేవాడు పాత పుస్తకాల్లోని ఖాళీ కాగితాలు చించి, పాత పద్ధతిలో సిరా చేసి, చారిత్రక పత్రాలు సృష్టించి అమ్మాడు. కాగితం అసలైన పాతదే. అందువల్ల నిపుణులు కూడా మోసపోయారు. సిరా పాతగా కనపడటానికి అతడు రసాయనాలు ప్రయోగించాడు. 1985 తరువాత జరిగిన దర్యాప్తులో మైక్రోస్కోపు కింద ఆ సిరా ఎండిన చెరువు మట్టిలాగా బీటలు వారి కనిపించింది. నిజంగా పాతబడిన సిరా అలా బీటలు వారలేదు. 1987లో అతడు నేరం ఒప్పుకున్నాడు.

సంతకం చెప్పే సాక్ష్యం

అలవాటైన చెయ్యి వేగంగా సాగుతుంది. గీత మొదలూ చివరా సన్నబడుతుంది. చూసి దిద్దే చెయ్యి నెమ్మదిగా, భయంగా కదులుతుంది. మధ్యలో ఆగిన చోట సిరా చుక్క కడుతుంది, గీత వణుకుతుంది.

రెండు సంతకాలు ఒకదానిమీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయనుకోండి. సంతోషించకండి! ఏ మనిషీ రెండుసార్లు అచ్చం ఒకేలా సంతకం చెయ్యలేడు. అయితే అది యంత్రం పెట్టినదో, అచ్చువేసినదో అయి ఉండాలి. అమెరికా అధ్యక్షుడు కెనెడీ ఉత్తరాల్లో చాలావాటి మీద యంత్రమో, కార్యదర్శులో సంతకం చేసేవారు. అలాంటి ఉత్తరం నకిలీ కాదు. కాని అది ఆయన చేతి సంతకమూ కాదు.

ఉప్పుగాలి

ఇన్ని పరీక్షలకూ నిలిచిన ఉత్తరానికి కోస్తాలో మరో శత్రువు ఉంది. ఇస్కపల్లి ఉప్పుమళ్ళ దగ్గరివాళ్ళకు తెలుసు, ముసురు పడితే ఉప్పు చెమరుస్తుంది. సముద్రపుగాలి మోసుకొచ్చే ఉప్పు కణాలు కూడా అలాగే తేమను పీలుస్తాయి. తేమ తగిలిన కాగితానికి బూజు పడుతుంది, గోధుమరంగు మచ్చలు వస్తాయి. కాగితంలో మిగిలిన ఆమ్లం పీచును కొరుక్కుతింటుంది. కనుక ఉత్తరాన్ని ఎండలో ఆరబెట్టకండి, సెలోటేపు అతికించకండి, లామినేషన్ చేయించకండి. మడత విప్పి, ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టి, గాలి ఆడే పొడిచోట, వెలుతురు తగలకుండా ఉంచండి.

అమ్మాలా, దాచాలా?

మన 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చరిత్ర విలువ గల పత్రానికి 75 ఏళ్ళు నిండితే అది పురావస్తువు. దాన్ని సొంతదారు విదేశాలకు పంపకూడదు. మన 1964 ఉత్తరానికి 2039లో 75 ఏళ్ళు నిండుతాయి. అంతవరకు అది సముద్రాలు దాటి ఎవరి ఇనప్పెట్టెలోకైనా పోవచ్చు. 2012లో గాంధీజీకీ ఆయన మిత్రుడు కాలెన్‌బాక్‌కూ చెందిన పత్రాలు లండన్‌లో వేలానికి రాబోతే, భారత ప్రభుత్వం ముందే కొని ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో చేర్చింది. అన్ని పత్రాలకూ ఆ అదృష్టం ఉండదు.

సొంత వస్తువు అమ్ముకోవటం తప్పు కాదు. ఆ ఇంట్లో ఏ అవసరం ఉందో మనకేం తెలుసు? కాని అమ్మేముందు రెండువైపులా స్పష్టమైన ఫొటో తీసి, అది ఎవరికి వచ్చింది, ఎందుకు వచ్చింది, ఇన్నాళ్ళూ ఎవరి దగ్గర ఉంది అన్నది పెద్దలను అడిగి రాసిపెట్టాలి. ఆ వివరాలు లేని ఉత్తరం సాక్షిలేని వాంగ్మూలం వంటిది. వాటిని చెప్పగల తాతయ్య ఇంట్లో ఉండగానే అడగాలి. ఏ మైక్రోస్కోపూ ఆయన జ్ఞాపకాన్ని మళ్ళీ తీసుకురాలేదు.