వెన్నుపూసను కొలిచేవారికి ఒక లేఖ



శరీర నిర్మాణశాస్త్రంలో ఎం.డి. చేస్తూ, సిద్ధాంత వ్యాసానికి వెన్నుపూసల కొలతలను ఎంచుకున్న విద్యార్థి మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటే: ఈ కొలత ఆపరేషన్ థియేటర్‌లో ఏ నిర్ణయానికి అక్కరకు వస్తుంది? దానికి జవాబు లేకుండా మొదలైన కొలతల పట్టిక, ఎంత శ్రమపడి తయారుచేసినా, కళాశాల గ్రంథాలయపు బీరువా దాటి బయటికి రాదు.

వెన్నుపూస ముందుభాగమైన కాయాన్ని వెనుక ఉండే వంపుతో కలుపుతూ కుడి ఎడమల ఉన్న పొట్టి ఎముక భాగాలను పెడికిల్స్ అంటారు. విరిగిన వెన్నెముకను, వంకరపోయిన వెన్నెముకను కడ్డీలతో నిలబెట్టవలసి వచ్చినప్పుడు వెనుక నుంచి ఈ పెడికిల్ గుండానే స్క్రూను కాయంలోకి దింపుతారు. పెడికిల్ లోపలి గోడకు చేరువలో వెన్నుపామును కప్పిన పొరలు, కింది అంచుకు దగ్గరగా నాడీమూలం ఉంటాయి కనుక, స్క్రూ లావు ఎక్కువైనా, దారి కొద్ది డిగ్రీలు తప్పినా నరాలకు హాని కలగవచ్చు. మరీ సన్నదైతే ఎముకలో పట్టు చాలదు. స్క్రూ పెడికిల్ గోడను ఎంత దాటిందో అంచనా వేయడానికి 1990లో గెర్ట్జ్‌బైన్, రాబిన్స్ అనుసరించిన పద్ధతి 2 మిల్లీమీటర్ల మెట్లలో ఉందంటే, ఇక్కడ పొరపాటుకు ఉన్న చోటు ఎంత తక్కువో అర్థమవుతుంది.

ఈ రంగంలో తరచుగా ఉదహరించే జిండ్రిక్ బృందం అధ్యయనం 1987లో వెలువడింది. ఛాతీభాగపు మొదటి పూస నుంచి నడుము అయిదో పూస వరకు పరిశీలించిన ఆ బృందం, పెడికిల్ అడ్డకొలత ఛాతీ అయిదో పూస వద్ద అతి తక్కువగా, నడుము అయిదో పూస వద్ద అతి ఎక్కువగా ఉందని చూపింది. పెడికిల్ అడ్డుకోత అండాకారంలో ఉండి నిలువు కొలత సాధారణంగా ఎక్కువగా ఉండటం వల్ల, స్క్రూ లావుకు హద్దు గీసేది చాలా పూసల్లో అడ్డకొలతే. తరువాత భారతదేశంలో జరిగిన పలు అధ్యయనాల్లో కొన్ని పూసల వద్ద ఈ కొలతలు పాశ్చాత్యుల సగటు కంటే తక్కువగా కనిపించాయి. స్థానిక కొలతల అవసరం అక్కడి నుంచే పుట్టింది.

కొలిచే బిందువులను మాటల్లో స్పష్టంగా నిర్వచించకపోతే ఒకరి అంకెను మరొకరి అంకెతో పోల్చడం కుదరదు. పెడికిల్ అత్యంత ఇరుకుగా ఉన్న చోట, ఎముక బయటి అంచు నుంచి బయటి అంచుకు తీసుకున్న దూరం అడ్డకొలత అని రాసుకున్నాక, వెర్నియర్ కాలిపర్ దవడలను పెడికిల్ అక్షానికి లంబంగా ఆనించాలి. దవడలు ఏమాత్రం ఏటవాలుగా ఉన్నా అంకె పెరుగుతుంది. సీటీ చిత్రంలోనూ కోత తలం అక్షానికి పక్కకు ఒరిగితే ఇదే దోషం వస్తుంది. కొన్ని వారాల తరువాత, పాత అంకెలు చూడకుండా, కొన్ని ఎముకలను తిరిగి కొలవాలి. మరొక పరిశీలకుడి చేత కూడా కొలిపించి, 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ వివరించిన పద్ధతిలో ఇద్దరి అంకెల మధ్య తేడాలను పరిశీలించాలి. నాలుగైదు మిల్లీమీటర్ల పెడికిల్‌లో ఇద్దరి మధ్య తేడా ఒక మిల్లీమీటరు వరకు వస్తూ ఉంటే, దశాంశ స్థానాల్లో రాసిన ఖచ్చితత్వం అంతా వృథా.

సగటు ఒక్కటే రాసి ఊరుకోవడం ఈ పరిశోధనల్లో పెద్ద లోపం. ఒక పూస వద్ద పెడికిల్ సగటు అడ్డకొలత 5 మిల్లీమీటర్లు, కొలతలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో తెలిపే క్రమవిచలనం 1 మిల్లీమీటరు అనుకుంటే, 4.5 మిల్లీమీటర్ల స్క్రూ సరిపోతుందని పైపైన అనిపిస్తుంది. కానీ కొలతలు సామాన్య విభాజనంలో ఉంటే దాదాపు 31 శాతం పెడికిల్స్ ఆ స్క్రూ కంటే సన్నగానే ఉంటాయి. అలాగే, ఒకే వ్యక్తి వెన్నెముకలోని పన్నెండు ఛాతీ పూసలను పన్నెండుగురి కొలతలుగా లెక్కించరాదు. విభాగాల్లో నిలువ ఉన్న ఎండు ఎముకల విషయంలో వయసు, లింగం తరచుగా తెలియవు కాబట్టి ఆ పరిమితిని దాచకుండా రాయాలి. వెన్ను పక్కకు వంగిన స్కోలియోసిస్‌లో వంపు లోపలి వైపు పెడికిల్స్ సన్నబడి ఉంటాయి కనుక, ఆరోగ్యవంతుల పట్టికను ఆ రోగులకు నేరుగా వర్తింపజేయకూడదు.

మంచి పట్టిక ఉన్నా రోగి సొంత సీటీ చిత్రం చూడక తప్పదు. ఎక్కడ ఎక్కువ జాగ్రత్త కావాలో, ఏ పరిమాణాల స్క్రూలు సిద్ధంగా ఉంచుకోవాలో ముందే చెప్పడం పట్టిక పని. కాబట్టి పరిశోధన చేసే విద్యార్థి ప్రతి పూసకూ సగటుతో పాటు అతి తక్కువ, అతి ఎక్కువ కొలతలను, కొలతలో దొర్లగల దోషాన్ని కూడా పట్టికలో చేర్చాలి. సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు వెన్నెముక శస్త్రచికిత్సలు చేసే వైద్యుని చేత ఆ పట్టికను ఒకసారి చదివించాలి.