తూము పట్టినంతే నీరు
(మొదటి గేమింగ్ కంప్యూటర్ కొనబోయే పిల్లలకు, వారి అమ్మానాన్నలకు)

2024 వేసవిలో రియాద్‌లో తొలి ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్ జరిగినప్పటి నుంచి మా శుక్రవారం తరగతిలో గుణింతాల మధ్య గ్రాఫిక్స్ కార్డుల పేర్లు కూడా వినబడుతున్నాయి. "అంకుల్, ఏ కార్డు కొనాలి?" అన్నది పిల్లల ప్రశ్న. "అసలు ఎంతలో తేలుతుంది?" అన్నది తండ్రుల ప్రశ్న. మాలో కంప్యూటర్ల పని తెలిసినవాళ్ళం కొందరం ఉన్నాం కనుక ఈసారి సంచికలో ఈ పాఠం మేమే రాస్తామని ఒప్పుకున్నాం.

ముందు జరిగిన సంగతి ఒకటి చెబుతాం. మా పదో తరగతి కుర్రాడొకడు రెండేళ్ళ పాటు ఈదీ డబ్బులూ, పుట్టినరోజు డబ్బులూ, సెలవులకు ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ చేతిలో పెట్టినవీ కూడబెట్టాడు. నాన్నగారు మిగతాది కలిపితే 2,500 రియాళ్ళయ్యాయి. ఆ నెల ఊరికి పంపే డబ్బులో కోత పడిందని ఇంట్లో అందరికీ తెలుసు. కుర్రాడు ఏం చేశాడంటే, ఏదో ఆఫీసు వాడి పారేసిన పాత కంప్యూటరు చవగ్గా కొని, మిగిలిన డబ్బంతా పెట్టి పెద్ద గ్రాఫిక్స్ కార్డు తెచ్చాడు. ఇంటికొచ్చి పెట్టె విప్పితే కార్డు ఆ చిన్న కేబినెట్‌లో పట్టలేదు. కేబినెట్ మార్చాడు. కార్డుకు కావలసిన కరెంటు తీగ పాత పవర్ సప్లైలో లేదు. అదీ మార్చాడు. అన్నీ అయ్యాక ఆట మొదలుపెడితే బొమ్మ కుంటుతూ నడిచింది. "కార్డు పాడైందేమో చూడండి అంకుల్" అని మా దగ్గరకు తెచ్చాడు. కార్డు బంగారంలా ఉంది. లోపం జోడీలో ఉంది.

పిల్లలూ, మీ నాన్నగారిని అడగండి, పొలానికి నీళ్ళు ఎలా పెడతారో. కాలువ ఎంత నిండుగా పారుతున్నా చేలోకి వచ్చేది తూము పట్టినంతే. తూము చిన్నదయితే కాలువను ఇంకా వెడల్పు చేసి లాభం లేదు. కంప్యూటరూ అంతే. ఆటలో తెరమీద కదిలే ప్రతి బొమ్మ వెనుక ఇద్దరు పనివాళ్ళుంటారు. ప్రాసెసర్ ముందుగా లెక్కలు కడుతుంది: శత్రువు ఎక్కడున్నాడు, తూటా ఎటు పోయింది, గోడ కూలిందా లేదా. ఆ లెక్క అందుకుని గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీస్తుంది. కార్డు ఈ బొమ్మ గీస్తుండగా ప్రాసెసర్ తర్వాతి బొమ్మ లెక్కలో ఉంటుంది. కనుక ఇద్దరిలో నిదానంగా పనిచేసేవాడి వేగమే మొత్తం వేగం.

మా కుర్రాడి కంప్యూటరునే తీసుకుని, సులువు కోసం గుండు అంకెలు వేసుకుందాం. పాత ప్రాసెసర్‌కు ఒక్కో బొమ్మ లెక్కకు 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఖరీదైన కార్డు 5 మిల్లీసెకన్లలో గీసేస్తుంది. సెకనుకు వెయ్యి మిల్లీసెకన్లు కనుక కార్డు 200 బొమ్మలు గీయగలదు. కానీ లెక్కలు వచ్చేవి 50కే. తక్కిన సమయమంతా కార్డు చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. ఇప్పుడు 8 మిల్లీసెకన్ల ప్రాసెసర్‌నూ, 10 మిల్లీసెకన్లలో గీసే చవక కార్డునూ జత చేయండి. సెకనుకు 100 బొమ్మలు! కార్డు సగం వేగానిదైనా ఆట రెట్టింపు వేగంతో నడిచింది.

అయితే జోడీని దేనితో మొదలుపెట్టాలి? మా సలహా మానిటర్‌తో. చాలామంది దీన్ని ఆఖరికి వదిలేస్తారు. 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలున్న మామూలు తెర మీద మొత్తం సుమారు 20 లక్షల 73 వేల చుక్కలుంటాయి. 4కె తెర మీద అందుకు సరిగ్గా నాలుగు రెట్లు. నాలుగు రెట్ల చుక్కలు గీయడానికి చిన్న కార్డు ఎంత కష్టపడాలో ఊహించండి. మొదటి కంప్యూటరుకు 1080 తెర చాలు, అందులో సందేహం లేదు. అలాగే 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 బొమ్మలే చూపుతుంది. లోపల 200 తయారైనా కంటికి కనబడేవి అన్నే. చేతిలో 60 హెర్ట్జ్ తెర ఉండి పెద్ద కార్డు మీద ఖర్చు పెట్టడం మాకు నచ్చని పని.

తర్వాత, మీరు ఏ ఆట ఆడతారు? వాలొరాంట్, కౌంటర్ స్ట్రైక్ వంటివి ఎక్కువగా ప్రాసెసర్ మీద ఆధారపడతాయి. సైబర్‌పంక్ వంటి పెద్ద కథల ఆటలు కార్డును పిండేస్తాయి. మొదటి రకం ఆడేవాడు రెండో రకంవాడి జాబితా చూసి కొంటే డబ్బు దండగ.

ధరలు వారం వారం మారుతుంటాయి కనుక అంకెలు రాయం, పాళ్ళు చెబుతాం. తెర, కీబోర్డు కాక పెట్టె వరకు వంద రియాళ్ళుంటే ముప్పై అయిదు నుంచి నలభై దాకా కార్డుకు, పదిహేను నుంచి ఇరవై దాకా ప్రాసెసర్‌కు పోతే జోడీ కుదిరినట్టే. మిగిలినది మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డి, పవర్ సప్లై, కేబినెట్ పంచుకుంటాయి. ఈ పాళ్ళు రాతి మీద గీత కావు. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు బాగా పెరిగినప్పుడు చాలామంది లెక్కలు తలకిందులయ్యాయి.

పేర్లతో చెప్పమంటే, రైజెన్ 5 5600 గానీ, ఇంటెల్ ఐ5 12400ఎఫ్ గానీ 2022లో వచ్చినవి. రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. వాటి పక్కన ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టిఎక్స్ 3060, 4060 తరహా కార్డు 1080 తెరకు ఈడూజోడూగా ఉంటుంది. ఈ పేర్లు పాతబడతాయి, కొన్ని దుకాణాల్లో దొరక్కపోవచ్చు కూడా. పద్ధతి మాత్రం అదే. ఇంకొక మాట: 12400ఎఫ్‌లో చివరి ఎఫ్ అక్షరానికి అర్థం, దానిలో బొమ్మ చూపే భాగం లేదని. విడిగా కార్డు లేకపోతే తెర నల్లగానే ఉంటుంది. డబ్బు బాగా తక్కువైతే 5600జి వంటి, బొమ్మ చూపే భాగం లోపలే ఉన్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, కార్డు వచ్చే ఏడాది కొనుక్కోవడం తెలివైన పని. తేలిక ఆటలు దానిమీదే నడుస్తాయి. పదకొండో తరగతిలో సీబీఎస్‌ఈ కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే పైథాన్‌కు అది ఎక్కువే.

ర్యామ్ 16 జీబీ ఉండాలి. అది ఒక్కటే 16 పుల్ల కాక 8 చొప్పున రెండు తీసుకుంటే మంచిది. రెండు దారుల్లో సమాచారం పోతుంది కనుక ఆటల్లో తేడా తెలుస్తుంది, ముఖ్యంగా విడిగా కార్డు లేనివారికి. ఎస్‌ఎస్‌డి తప్పనిసరి.

ఇక పవర్ సప్లై. మన ఊళ్ళో దీన్నే ఎస్‌ఎంపీఎస్ అంటారు. పిల్లలు పట్టించుకోనిదీ, మేము అన్నిటికంటే భయపడేదీ ఇదే. ఆర్‌ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు, ప్రాసెసర్ 65, పని ఎక్కువైతే ఇంకాస్త. ఫ్యాన్లు, డిస్కులు కలుపుకుని మొత్తం 250 దాటదనుకోండి. అయినా 500 లేదా 550 వాట్లది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్నది, పేరున్న కంపెనీది కొనండి. పేరు లేనిది కాలిపోతే ఒంటరిగా పోదు, పక్కవాటిని కూడా వెంట తీసుకుపోతుంది.

సౌదీలో దీనికి మరో చిక్కుంది. మన దేశంలో కరెంటు 230 వోల్టులు. ఇక్కడ పాత భవనాల్లో మామూలు సాకెట్లకు 127 వోల్టులు, ఏసీలకు 220 వోల్టులు వచ్చేవి ఇప్పటికీ ఉన్నాయి. 230/400 వోల్టులకు మారాలని 2010లో ప్రభుత్వం నిర్ణయించింది గానీ అది ఏళ్ళ తరబడి సాగే పని. మాలో ఒకరు సెలవుల్లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగి, పవర్ సప్లై చవకని కొని సూట్‌కేసులో తెచ్చుకున్నారు. పాత ఫ్లాట్‌లో పెడితే ఉలకలేదు, పలకలేదు. దాని చీటీ మీద "200–240" అని ఉంది. అందులో ఏ తప్పూ లేదు, చదవనిది మేమే. చీటీ మీద "100–240" అని ఉన్నది ఎక్కడైనా పనిచేస్తుంది. కొన్నిటికి వెనుక 115, 230 అని ఎర్ర స్విచ్ ఉంటుంది. అది 115 దగ్గర ఉండగా 220 సాకెట్‌లో పెడితే ఢామ్మంటుంది. పిల్లలూ, పెద్దవాళ్ళు పక్కన లేకుండా సాకెట్ జోలికి పోవద్దు.

ఊరి నుంచి తెచ్చే వస్తువులకు వారంటీ చాలాసార్లు కొన్న దేశంలోనే చెల్లుతుంది. అదీ అడిగి తెలుసుకోండి. ఒలయా కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా సరే, ధర అడిగేటప్పుడు 15 శాతం వ్యాట్ కలిపి చెబుతున్నారో లేదో అడగండి, బిల్లు దాచండి. కేబినెట్ ముందు వైపు దుమ్ము ఆపే జల్లెడ ఉన్నది ఎంచుకోండి. ఇసుకగాలి వచ్చిన వారం దాన్ని తీసి దులపకపోతే ఎంత మంచి ఫ్యాన్ అయినా ఊపిరాడక వేడెక్కుతుంది.

అన్నట్టు, మా కుర్రాడి కథ అక్కడే ఆగలేదు. కార్డును కాస్త నష్టానికి అమ్మాడు. వచ్చిన డబ్బుతో ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, చిన్న కార్డు కొని, ముందు మార్చిన కేబినెట్‌లోనే బిగించాడు. మొదటి రాత్రి మళ్ళీ ఫోను: "అంకుల్, ఇదీ కుంటుతోంది!" వెళ్ళి చూస్తే తెర తీగను కార్డుకు కాక మదర్‌బోర్డుకు గుచ్చాడు.

అభ్యాసం

1. ఒక ప్రాసెసర్ ఒక్కో బొమ్మకు 10 మిల్లీసెకన్లు, కార్డు 16 మిల్లీసెకన్లు తీసుకుంటాయి. సెకనుకు సుమారు ఎన్ని బొమ్మలు వస్తాయి? తూము ఎవరు?

2. వ్యాట్ కలిపి 2,500 రియాళ్ళ బిల్లులో వ్యాట్ ఎంత? (375 అని రాసినవారు మళ్ళీ ఆలోచించండి.)

3. మీ ఇంట్లో ఉన్న ఛార్జర్ల చీటీలు చదివి, ఏది ఎన్ని వోల్టులకు పనిచేస్తుందో తెలుగు లిపిలో రాసి తరగతికి తీసుకురండి.