చెయ్యి అడిగాకే పనిముట్టు

పదిహేను వేల రూపాయలు మీ ముందు పెట్టి, "నీ పనికి ఏం కావాలో కొనుక్కో" అన్నారనుకోండి. ఏం కొంటారు?

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో చేతివృత్తులవారికి పనిముట్ల కోసం గరిష్ఠంగా ఇచ్చే మొత్తం ఇదే. ఈ-వోచరు రూపంలో ఇస్తారు. ఆ పథకం కిందికి వచ్చే 18 వృత్తుల్లో కంసాలి పని, కమ్మరం, శిల్పుల పని కూడా ఉన్నాయి. నంద్యాల జిల్లాకు ఇవేవీ కొత్త కావు. నంద్యాల బజారులో బంగారం పని, అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలోని ఆళ్లగడ్డలో రాతి పని తరతరాలుగా సాగుతున్నాయి. ఆళ్లగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఉలి పట్టడం నేర్చుకుంటున్న కుర్రాడికో, ఇంట్లోనే వెండి నగలు చేయడం మొదలుపెట్టిన అమ్మాయికో ఈ ప్రశ్న ఎదురైతే, వాళ్లిచ్చే జవాబులో వాళ్ల రేపటి రోజు సగం కనబడుతుంది. పనిముట్టు ఎంచుకునే చోటే మనిషి తన్ను తాను ఎంత ఎరుగునో తేలిపోతుంది. పుస్తకాలూ ల్యాప్‌టాపులే పనిముట్లుగా బతికేవాళ్లకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

కొనగానే వచ్చేస్తుందా?

నగల తయారీ సామగ్రి అమ్మే అంగడికి గానీ, ప్రదర్శనకు గానీ వెళ్లి చూడండి. వరసగా పేర్చిన శ్రావణాలు, పట్టకార్లు, రకరకాల ఆకురాళ్లు, మూసలు, కమ్మచ్చులు, గ్యాస్ టార్చీలు, చేత్తో తిప్పే రోలింగ్ మిషన్లు కనిపిస్తాయి. బంగారు వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరు నంద్యాలకు దూరమేమీ కాదు. ఇంకా పెద్ద యంత్రాలు కావాలంటే హైదరాబాదు వెళ్లాలి, లేదంటే ముంబైలో రత్నాభరణాల ఎగుమతి ప్రోత్సాహక మండలి ఏటా జరిపే ప్రదర్శనకు వెళ్లాలి. ఎక్కడికి వెళ్లినా మనసు చేసే పని ఒకటే. మెరుస్తున్న ప్రతి వస్తువునూ చూసి, 'ఇది ఉంటే నేనూ చేసేవాణ్ణి' అంటుంది.

ఆ మాటను నమ్మితే నష్టపోతాం. కొన్న రోజు ఏదో సాధించినట్టే అనిపిస్తుంది. సంచి బరువెక్కుతుంది, మనసు తేలికపడుతుంది. తెల్లారి బల్ల ముందు కూర్చుంటే చెయ్యి మాత్రం నిన్న ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

బ్యాంకు పరీక్షల శిక్షణకు నంద్యాల పెట్టింది పేరు. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో పిల్లలు వచ్చి చిన్న గదుల్లో ఉంటూ చదువుకుంటారు. వాళ్లలో కొందరి గదుల్లో ఒకే సబ్జెక్టుకు నాలుగైదు పుస్తకాలు ఉంటాయి. ఎవరికో ఉద్యోగం వచ్చిందని తెలియగానే వాళ్లు చదివిన మెటీరియల్ కొంటారు, కొత్త టెస్ట్ సిరీస్ కొంటారు. మొదటి పుస్తకంలో తప్పిన లెక్కలు తప్పినట్టే ఉండిపోతాయి. ఇంట్లో అమ్మానాన్నలు కడుపు కట్టుకుని పంపిన డబ్బు అది. ఆ పిల్లలకు తెలివి తక్కువ కాదు, శ్రమ తక్కువ కాదు. తమకు ఏది రావడం లేదో తెలియకముందే దానికి మందు కొంటున్నారు, అంతే.

ఆడలేక మద్దెల ఓడు అన్నాడని మనవాళ్ల సామెత. ఈ రోజుల్లో మద్దెల మీద నెపం పెట్టి ఊరుకోవడం లేదు, కొత్త మద్దెల కొంటున్నాం.

కమ్మచ్చులో దాటకూడని రంధ్రం

కంసాలి పనిముట్లలో నాకు ఎంతో గౌరవం కలిగించేది కమ్మచ్చు. చూడటానికి ఉత్త ఇనుప పలక. దాని నిండా వరసగా రంధ్రాలు, ఒకదాని కంటే ఒకటి కాస్త సన్నం. తీగ కొసను ఆకురాతితో సన్నగా రాసి, రంధ్రంలోంచి అవతలికి తోసి, పట్టకారుతో బిగించి లాగుతారు. ఆ తర్వాత పక్క రంధ్రం, ఆ తర్వాత దాని పక్కది. అలా లాగుతూ పోతే లావుపాటి కడ్డీ కూడా వెంట్రుకంత తీగ అవుతుంది. బంగారానికి సాగే గుణం ఎంతంటే, ఒక్క గ్రామును కొట్టి దాదాపు చదరపు మీటరు రేకు చేయవచ్చు. అంతగా సాగే లోహం కూడా, తొందరపడి మధ్యలో రెండు రంధ్రాలు దాటించి లాగితే పుటుక్కున తెగిపోతుంది.

ఇంకో సంగతి ఉంది. నాలుగు రంధ్రాలు లాగాక తీగ బిరుసెక్కుతుంది. అప్పుడు దాన్ని కాల్చి మెత్తబరచాలి. ఆ కాసేపు తీగ సాగదు, పని ముందుకు నడిచినట్టు కనబడదు. అయినా ఆ కాసేపు లేకపోతే తర్వాతి రంధ్రం లేదు.

నేర్చుకోవడానికీ ఇదే క్రమం. ఈ రోజు చేయగలిగిన దానికంటే కాస్తంత కష్టమైనది ఎంచుకోవాలి. అది సులువయ్యాక తర్వాతి దానికి పోవాలి. అలసి బిరుసెక్కితే ఆగి, నిద్రపోయి, మెత్తబడి మళ్లీ రావాలి. మనం చాలాసార్లు పదో రంధ్రంలో ఉన్నవాణ్ణి చూసి మన మొదటి రంధ్రాన్ని చిన్నచూపు చూస్తాం. అతడి పనిముట్లు కొంటే అతడి చోటికి చేరతామనుకుంటాం. మన తీగ ఏ రంధ్రం దగ్గరుందో తెలుసుకోవడమే ఆత్మవిశ్వాసానికి పునాది. ఆ నిజం తెలిసినవాడు ఎవరితోనూ పోల్చుకుని కుంగిపోడు.

ఒకే పేరు, రెండు సుత్తులు

ఆళ్లగడ్డ శిల్పి చేతిలో సుత్తి ఉంది, నంద్యాల వెండిపనివాడి చేతిలోనూ సుత్తి ఉంది. శిల్పి సుత్తి రాతిని తాకదు, ఉలి తలను కొడుతుంది. దానికి కావలసింది తగిన బరువు, చేతిలో ఇమిడే పిడి, రోజంతా కొట్టినా మణికట్టును నొప్పించని వాటం. దాని ముఖం మీద సొట్టలు పడ్డా పనికి లోటు రాదు. వెండిపనివాడి సుత్తి నేరుగా రేకు మీద పడుతుంది. రేకును నునుపు చేసే సుత్తి ముఖం అద్దంలా ఉండాలి. దాని మీద సన్నటి గీత ఉన్నా ప్రతి దెబ్బకూ ఆ గీత వెండి మీద అచ్చు పడుతుంది. అందుకే తెలిసినవాళ్లు ఆ సుత్తితో మేకు కూడా కొట్టరు.

మరి ఈ రెండింట్లో మంచి సుత్తి ఏది? ఏ పనికి అని అడగకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు. మన జీవితాల్లోనూ అంతే. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం ఒకరికి పదునైన అలవాటు. రాత్రి పదకొండుకు కొట్టు మూసి ఇంటికొచ్చే మనిషికి అదే అలవాటు అనారోగ్యం. పక్కింటి అబ్బాయికి పనికొచ్చిన కోర్సు మీ పనికి ఒక్క దెబ్బ కూడా కొట్టకపోవచ్చు. 'అందరూ ఏం కొంటున్నారు' అనే ప్రశ్న వదిలి, 'నా దెబ్బ దేని మీద పడుతోంది' అని అడగండి. ముందు పని తేలాలి, పనిముట్టు దాని వెనకే వస్తుంది.

అడిగింది ఇవ్వడంలో పిసినారితనం వద్దు

నేను కొనొద్దని చెప్పడం లేదు. చెయ్యి నిజంగా అడిగిన రోజున వెనకాడకుండా కొనాలి. చేసిన అతుకు ప్రతిసారీ పక్కకు జరుగుతోందంటే కొనలు కలవని శ్రావణమే కారణం కావచ్చు. కోసిన అంచు గరుకుగా వస్తోందంటే రేకు మందానికి తగని రంపపు బ్లేడు వాడుతూ ఉండవచ్చు. రేకు మందంలో కనీసం మూడు పళ్లు పట్టే బ్లేడు ఎంచుకోవాలన్నది నగల పనివాళ్లు పాటించే లెక్క. కష్టం ఎక్కడ పుడుతోందో ఇంత స్పష్టంగా తెలిశాక, చవకలో దొరికే నాలుగింటికి బదులు నాణ్యమైనది ఒక్కటి కొనండి.

కొనేటప్పుడు చేత్తో పట్టుకు చూడండి. శ్రావణం మూసి వెలుతురుకు ఎదురుగా పెట్టండి, కొనల మధ్య సందు కనబడకూడదు. సుత్తి ముఖాన్ని వాలుగా పట్టి చూస్తే గీతలు బయటపడతాయి. ఆకురాయిని ముందుకు తోసేటప్పుడే అది కోస్తుంది, కాబట్టి పళ్లు కొస దాకా సమంగా ఉన్నాయో లేదో గమనించండి. అన్నిటికీ మించి, ఆ పనిలో తల నెరిసిన పెద్దాయనను వెంట తీసుకెళ్లండి. "పెదనాయనా, ఇది నా పనికి సరిపోతుందా?" అని అడగడం చిన్నతనం కాదు. అడగగలిగినవాడికి పదేళ్ల అనుభవం ఒక్క పూటలో దొరుకుతుంది.

పదును పెట్టే పూట కూడా పని పూటే

ఆళ్లగడ్డ శిల్పులు చెక్కే నల్లరాయి ఉలిని ఊరికే వదలదు. కాసేపు చెక్కితే మొన మొద్దుబారుతుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి, మొన సాగగొట్టి, నీళ్లలో ముంచి మళ్లీ పదును తెస్తారు. అందులోనూ లెక్క ఉంది. గట్టిదనం మితిమీరితే మొన విరుగుతుంది, తక్కువైతే వంగుతుంది. ఇప్పుడు కార్బైడ్ మొన ఉలులు, గ్రైండర్లు వచ్చాయి. వాటికీ కనిపెట్టి చూసుకోవడం తప్పదు. మొద్దు ఉలితో ఇంకో గంట కొట్టేవాడు కష్టజీవిలా కనబడతాడు గానీ, ఆ గంటలో రాయి చెడుతుంది, చెయ్యి కూడా చెడుతుంది.

మనలో చాలామంది మొద్దు ఉలితో కొడుతున్నవాళ్లమే. నేర్చినది మళ్లీ చదువుకోవడానికి, తప్పులు దిద్దుకోవడానికి, ఒంటికి కాస్త వ్యాయామం ఇవ్వడానికి తీరిక లేదంటాం. ఆ పూటలను పనిలో భాగంగానే లెక్కపెట్టుకోండి.

కొత్త కాలానికి తగ్గట్టు పదును మార్చుకోవడం కూడా ఇందులోదే. ఒకప్పుడు ఒరగల్లు మీద గీసి చూసి వన్నె చెప్పే కంసాలి మాటే చెల్లుబాటు. 2021 జూన్ నుంచి దేశంలో బంగారు నగలకు హాల్‌మార్కు దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే గుర్తింపు సంఖ్య లేనిదే హాల్‌మార్కు నగ అమ్మకూడదు. పెద్ద షోరూముల పోటీకి తోడు ఈ మార్పులు కూడా వచ్చి పడటంతో చిన్న కంసాలి కుటుంబాలు ఎంతో కష్టపడ్డాయి, పడుతున్నాయి. వాళ్ల చేతిలో ఉన్న విద్య పాతబడలేదు. దానికి కొత్త పదును కావాలి. పీఎం విశ్వకర్మ పథకంలో రోజుకు 500 రూపాయల భత్యంతో ఇచ్చే శిక్షణను, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, ఆ తర్వాత రెండు లక్షల దాకా ఇచ్చే రుణాన్ని వోచరు కంటే ముందు తలచుకోవాలి.

జాబితాలో మొట్టమొదట రాయవలసింది

పనిముట్ల జాబితా రాసేటప్పుడు దాదాపు అందరూ మరిచిపోయేవి మాస్కు, కళ్లజోడు, గాలి ఆడే చోటు. రాతి ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ వస్తుంది. పోయిన ఊపిరి మందులతో తిరిగి రాదు. ఒకప్పుడు ఊరూరా పేరు మోగిన కేడీఎం నగల అతుకులో కాడ్మియం కలిపేవారు. వేడి చేసినప్పుడు అది ఆవిరై కంసాలి ఊపిరితిత్తులనూ మూత్రపిండాలనూ దెబ్బతీసింది. కొన్నవాళ్ల మెడలో నగ మెరిసింది, చేసినవాడి ఒంట్లో జబ్బు మిగిలింది.

కాబట్టి యువతీయువకులారా, మీ మొదటి వంద రూపాయలు మీ ఒంటిని కాపాడే వస్తువు మీద ఖర్చు పెట్టండి. రోజంతా తెర ముందు కూర్చునేవారికి అది సరైన కుర్చీ. రాత్రుళ్లు చదివేవారికి అది మంచి దీపం, వేళకు నిద్ర. మీ కళ్లు, ఊపిరి, చేతులు ఏ అంగట్లోనూ దొరకవు.

ఇక మీరు చేయవలసింది

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. పని చేస్తూ ఎక్కడ ఆగిపోయారో, ఎందుకు ఆగారో అప్పటికప్పుడు ఒక వాక్యం రాయండి. నెల తిరిగాక చదివితే మీ చెయ్యి ఏం అడుగుతోందో తెలుస్తుంది. ఒకే కారణం మళ్లీ మళ్లీ కనబడితే, అది పనిముట్టు లోపమా, అభ్యాసం లోపమా అని పెద్దవాళ్లను అడగండి. అభ్యాసం లోపమైతే ఉన్నదానితోనే సాధన చేయండి. పనిముట్టు లోపమైతే ఆ ఒక్కటే కొనండి, మంచిది కొనండి, కొన్న నాటి నుంచి రోజూ వాడండి. అది చేతికి పూర్తిగా లొంగేదాకా రెండో దాని జోలికి పోకండి.

ఈ పద్ధతి నెమ్మదిగా నడుస్తుంది. అయితే ఇలా కూడబెట్టిన పనిముట్లలో ఒక్కటి కూడా మూల పడి తుప్పు పట్టదు. ప్రతిదాని వెనకా మీరు గెలిచిన ఒక కష్టం ఉంటుంది. అప్పుడు ఎంత పెద్ద ప్రదర్శనకు వెళ్లినా, ఎన్ని మెరుపులు కళ్లు చెదరగొట్టినా మీరు తడబడరు. కావలసింది ఏదో, అక్కరలేనిది ఏదో అడగకుండానే చెప్పగలుగుతారు. వ్యక్తిత్వం అంటే నా దృష్టిలో ఆ తెలివిడే. దాన్ని సంపాదించడం ఈ రోజే, మీ చేతిలో ఇప్పుడున్న పనిముట్టుతోనే మొదలుపెట్టవచ్చు.